ఇంట్లో ఒక మిగ్ విమానం

సెలవులు మొదలైన మూడో రోజుకే "అమ్మా, ఏమీ తోచడం లేదు" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఫోను చేతికిస్తే ఇల్లు నిశ్శబ్దమవుతుంది. కానీ ఆ నిశ్శబ్దం ఇంటికి మేలు చేసేది కాదని మనకు తెలుసు. చేతులకూ కళ్లకూ బుద్ధికీ ఒకేసారి పని పెట్టే కాలక్షేపాలు లేకపోలేదు. ప్లాస్టిక్ ముక్కలను ఒకటొకటిగా అతికించి విమానం నమూనా తయారుచేయడం అలాంటిదే. పదేళ్లు దాటిన పిల్లలు తండ్రి పక్కనో తల్లి పక్కనో కూర్చుని పది పన్నెండు సాయంత్రాల్లో పూర్తిచేయగల పని ఇది.

ఏ విమానం చేయాలి? మన దేశ చరిత్రతో ఎక్కువ కాలం కలిసి నడిచిన మిగ్-21ను తీసుకుందాం.

ఈ విమానం కథ

సోవియట్ యూనియన్‌లో రూపుదిద్దుకున్న ఈ జెట్ యుద్ధ విమానం 1963లో మన వైమానిక దళంలో చేరింది. మనకు వచ్చిన తొలి సూపర్‌సానిక్ యుద్ధ విమానం ఇదే. కొంతకాలానికి మన దేశంలోనే వీటిని తయారుచేయడం మొదలైంది. విమానాలు నాసిక్‌లో, ఇంజన్లు ఒరిస్సాలోని కొరాపుట్‌లో తయారయ్యాయి. వాటిలో అమర్చే ఎలక్ట్రానిక్ పరికరాల కోసం హెచ్.ఏ.ఎల్. సంస్థ 1965లో మన హైదరాబాదులో ఒక విభాగాన్ని నెలకొల్పింది. అంటే ఈ విమానంలో తెలుగు నేల మీద పనిచేసినవారి చెమట కూడా ఉందన్నమాట.

1971 డిసెంబరు 14న ఢాకాలోని గవర్నర్ భవనంపై రాకెట్లతో దాడిచేసినవి ఈ మిగ్‌లే. చివరకు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో జరిగిన కార్యక్రమంలో మిగ్-21కు వైమానిక దళం వీడ్కోలు పలికింది. 62 ఏళ్ల సేవ! తాత కాలంలో వచ్చిన విమానం మనవడి కాలంలో విశ్రాంతి తీసుకుంది.

72వ వంతు ఎందుకు?

కిట్ పెట్టె మీద 1/72 అని ఉంటుంది. అసలు విమానం కొలతల్లో 72వ వంతు అని దాని అర్థం. ఆరు అడుగులంటే 72 అంగుళాలు కదా! కాబట్టి ఆరడుగుల మనిషి ఈ లెక్కలో సరిగ్గా ఒక అంగుళం అవుతాడు. మిగ్-21 రెక్కల వెడల్పు సుమారు 7.15 మీటర్లు. నమూనాలో అది పది సెంటీమీటర్లు. పొడవు దాదాపు ఇరవై సెంటీమీటర్లు. రెండు అరచేతుల్లో పట్టే విమానం! ఈ లెక్కలన్నీ పిల్లల చేతే చేయించండి. బడిలో విసుగు పుట్టించే భాగహారం ఇక్కడ ఆటలా అనిపిస్తుంది.

ఈ కొలతకు ఒక పాత కథ ఉంది. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో, 1942లో, అమెరికా నౌకాదళం అక్కడి హైస్కూలు విద్యార్థులను విమానాల నమూనాలు చేసిపెట్టమని కోరింది. కావలసినవి ఐదు లక్షలు! ఆకాశంలో కనబడేది స్వపక్షమా శత్రుపక్షమా అని సైనికులకు గుర్తుపట్టడం నేర్పడానికే ఈ కర్ర నమూనాలు. వాటి కొలత కూడా 1/72.

పెట్టె తెరిచాక

చెక్ దేశపు ఎడ్వర్డ్, జపాన్‌కు చెందిన ఫుజిమి వంటి సంస్థలు ఈ కొలతలో మిగ్-21 కిట్లు తయారుచేశాయి. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉన్న చిన్న చిన్న భాగాలు, నీటిలో నానబెట్టి అంటించే గుర్తుల కాగితం, సూచనల పుస్తకం ఉంటాయి. మొదటి సాయంత్రం ఏమీ అతికించకండి. సూచనలను మొదటి నుంచి చివరి వరకు పిల్లల చేత చదివించండి. తరువాత చట్రాలను సబ్బునీటితో కడిగి ఆరనివ్వండి. అచ్చులో నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు.

భాగాలను చేత్తో తుంచకూడదు. చిన్న కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, మిగిలిన బొడిపెను సన్నని ఉప్పు కాగితంతో రుద్దాలి. బ్లేడు వాడవలసి వస్తే ఆ పని పెద్దలే చేయాలి.

పైలట్ కూర్చునే చోటు ముందుగా పూర్తిచేయాలి. కుర్చీ, పరికరాల పలక, కంట్రోల్ కర్ర అమర్చి, మిగ్‌లకు ప్రత్యేకమైన నీలి-ఆకుపచ్చ రంగు వేయాలి. విమానం ఒళ్లు రెండు సగాలుగా ఉంటుంది. అవి కలిసిపోయాక లోపలికి చేయి పోదు. "ఇదెవరికి కనబడుతుందిలే" అని పిల్లలు తొందరపడతారు. నిజమే, పూర్తయ్యాక అందులో సగం కూడా కనబడదు. కానీ కనబడని చోట ఎలా పనిచేస్తామన్నదే పనివాడి నిజాయితీకి గురుతు. ఈ మాట ఉపన్యాసంగా చెబితే పిల్లలు వినరు, చేయించి చూపిస్తే మరచిపోరు.

ఒళ్లు మూసేముందు మరో పని. ఈ విమానానికి ముందు ఒక చక్రం, వెనుక రెండు. నమూనాలో బరువు వెనక్కి ఎక్కువై తోకమీద కూలబడకుండా, ముక్కు భాగంలో చిన్న ఇనుప నట్లు అతికించాలి. సీసం ముక్కలు పిల్లల చేతికి ఇవ్వవద్దు. ఒళ్లు మూసేశాక గుర్తుకొస్తే విప్పడం కష్టం.

ప్లాస్టిక్ నమూనాలకు వాడే ద్రవ జిగురు మామూలు బంకలా పనిచేయదు. అది రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటిగా కలుపుతుంది. కాబట్టి ఎక్కువ పూస్తే భాగమే కరిగి పాడవుతుంది. కుంచె కొసతో కొద్దిగా తాకిస్తే అతుకులోకి అదే పాకుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది గనుక కిటికీలు తెరిచి ఉంచండి. పైలట్ తల మీది అద్దపు మూతకు మాత్రం ఆ జిగురు గానీ, క్షణంలో అంటుకునే గమ్ము గానీ వాడకండి. అద్దం మసకబారుతుంది. దానికి మన ఇంట్లో ఉండే తెల్లని ఫెవికాల్ చాలు. ఆరితే కనబడకుండా పోతుంది.

రెక్కలు అతికించేటప్పుడు గమనించండి. మిగ్-21 రెక్కలు సమంగా ఉండవు, కొసలు కొద్దిగా కిందికి వాలి ఉంటాయి. ఎదురుగా పెట్టి, రెండు వైపులా వాలు ఒకేలా ఉన్నదీ లేనిదీ చూసి, ఆ రాత్రంతా కదపకుండా ఆరనివ్వాలి.

రంగు విషయానికొస్తే, తొలి రోజుల్లో మన మిగ్‌లు వెండిలా మెరిసే లోహపు ఒంటితో ఉండేవి. వెండి రంగు అందంగా ఉంటుంది గానీ ఏ గీతనూ దాచదు. అతుకుల దగ్గర పుట్టీ పెట్టి నునుపు చేయడంలో చూపిన శ్రద్ధ ఎంతో అప్పుడు బయటపడుతుంది. పిల్లలకు నీటితో కలిపే ఆక్రిలిక్ రంగులు మంచివి. ఒక్కసారి చిక్కగా వేయకుండా పలచగా రెండు మూడు పూతలు వేయించండి. ఒక పూత ఆరాకే మరొకటి.

చివరగా గుర్తులు. కాగితం ముక్కను గోరువెచ్చని నీటిలో కొన్ని క్షణాలు ఉంచి, పలుచని గుర్తును రెక్క మీదికి జరపాలి. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. ఆ వలయం రెక్క మీద కుదురుకున్నప్పుడు పిల్లల ముఖం చూడండి!

యుద్ధ విమానం ఆటబొమ్మ కావచ్చా?

విశ్వాసుల ఇళ్లలో ఈ ప్రశ్న రావడం సహజం. చంపడానికి చేసిన యంత్రాన్ని ఇంట్లో అలంకారంగా పెట్టుకోవడమేమిటని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నను తోసివేయకూడదు. అయితే దాచిపెడితే పిల్లలకు యుద్ధం సంగతి తెలియకుండా పోదు. వీడియో ఆటల్లో అది రోజూ కనబడుతూనే ఉంది. ఆ ఆటలో కూలిన విమానం మరో క్షణంలో మళ్లీ లేస్తుంది. నిజంలో అలా జరగదు. ఆ తేడా చెప్పడానికి ఈ సాయంత్రాలు మంచి అవకాశం.

ఒక అంగుళం పైలట్‌ను కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు చెప్పండి. 2012లో రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం, అప్పటికి మన అన్ని రకాల మిగ్ విమానాలకూ కలిపి 482 ప్రమాదాలు జరిగాయి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు చనిపోయారు. 2001 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్ వద్ద మిగ్-21 కూలి ఫ్లైట్ లెఫ్టినెంట్ అభిజిత్ గాడ్గిల్ మరణించాడు. తప్పు తన కొడుకుది కాదని, ఈ విమానాల భద్రత సంగతి చూడండని అతని తల్లి కవితా గాడ్గిల్ ఏళ్ల తరబడి పోరాడారు. ఢాకా కథ చెప్పే ఇంట్లో ఈ తల్లి కథ కూడా చెప్పాలి. ధైర్యం గురించి చెప్పి దుఃఖం గురించి చెప్పకపోతే పిల్లలకు సగమే చెప్పినట్లు.

తల్లిదండ్రులకు ఒక మాట

పని పిల్లలదే కానివ్వండి. రెక్క కాస్త వంకరగా వస్తే రాత్రికి రాత్రే మీరు సరిచేసి పెట్టకండి. తెల్లవారి చూసిన పిల్లవాడికి అది తన విమానం కాకుండా పోతుంది. జిగురు ఆరేవరకు ఆగడం పిల్లలు నేర్చుకోవాలి, పిల్లల చేయి తిరిగేవరకు ఆగడం మనం నేర్చుకోవాలి. అమ్మాయిలకు ఇది పని కాదనుకోవద్దు. మన వైమానిక దళంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లు 2016లోనే నియమితులయ్యారు. వారిలో ఒకరైన అవని చతుర్వేది 2018లో ఒంటరిగా నడిపింది మిగ్-21నే.

విమానం పూర్తయ్యాక చిన్న చెక్క పీఠం మీద నిలబెట్టి, పిల్లల చేతిరాతతో ఒక చీటీ అంటించండి: మిగ్-21, 1963–2025. ఇంటికి వచ్చిన చుట్టాలు దాని గురించి అడిగినప్పుడు జవాబు మీరు చెప్పకండి. చేసినవారినే చెప్పనివ్వండి. వేగం, రాకెట్లతోపాటు ఆ పైలట్ గురించీ, అతని తల్లి గురించీ వారి నోట వస్తే, ఆ సాయంత్రాలు వృథా కాలేదని తెలుసుకోండి.