ఇంటిపన్నులో ఎరువుకుండీ: ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల నేపథ్యంలో ఒక పరిశీలన

ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో ఇంటింటి చెత్త సేకరణకు 2021 నుంచి వసూలు చేసిన మొత్తాన్ని ప్రభుత్వం ‘వినియోగ రుసుము’ అన్నది. ప్రజలు ‘చెత్త పన్ను’ అన్నారు. ఈ తేడా కేవలం పదజాలానిది కాదు. రుసుము సేవకు ప్రతిఫలం. సేవను తక్కువగా వాడుకున్నవారికి దానిని తగ్గించవచ్చు. పన్నుకు అటువంటి ప్రత్యక్ష ప్రతిఫలం ఉండదు. వంటింటి తడిచెత్తను ఇంట్లోనే ఎరువుగా మార్చుకునే కుటుంబానికి రాయితీ ఇవ్వడానికి సహజమైన చోటు ఆ రుసుమే. 2024 చివరికి అది రద్దయింది. ఇక మిగిలినది ఇంటిపన్ను.

ఈ మార్గానికి పూర్వోదాహరణ ఉంది. పుణె నగరపాలక సంస్థ వానపాముల ఎరువు, సౌరశక్తి, వాననీటి సంరక్షణలలో ఒకటి పాటించే ఇంటికి ఆస్తిపన్నులో 5 శాతం, రెండు పాటిస్తే 10 శాతం రాయితీ ఇచ్చింది. మన రాష్ట్రంలో ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం చెల్లించినవారికి 5 శాతం తగ్గింపు అలవాటైనదే. అయితే అది కోరేది సకాలంలో చెల్లింపును మాత్రమే. లెక్క చూస్తే, ఏడాదికి 2,000 రూపాయల పన్ను కట్టే ఇంటికి 5 శాతం అంటే 100 రూపాయలు. నెలకు 60 రూపాయల రుసుము మాఫీ అయితే 720 మిగిలేవి. రోజూ కుండీ కలియబెట్టే శ్రమకు వంద రూపాయలు ప్రోత్సాహమనిపించుకోవు.

ఏలూరుకు ఈ విషయం మరింత ముఖ్యం. తమ్మిలేరు ఈ నగరాన్ని ఒరుసుకుని పోయి కొల్లేటిలో కలుస్తుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు. మురుగుకాలువలో పడిన అన్నం, కూరగాయల తొక్కులు కుళ్ళుతూ నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. పట్టణం వదులుకునే పన్నును సరస్సు శుద్ధి ఖర్చుతో కలిపి చూడాలి.

2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి ఎరువు తయారీపై ప్రజలకు అవగాహన కల్పించే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించాయి. నిజానికి మన పల్లెలకు ఇది కొత్త విద్య కాదు. ‘పెంట’ ఒకప్పుడు రైతు ఆస్తి; పట్టణంలో అది తిట్టుగా మిగిలింది. చేపల పొలుసు, పేగులు ఎక్కువగా పడే కొల్లేటి ప్రాంతపు వంటింట్లో తడిచెత్తకు తగినంత పొడిపదార్థం కలపకపోతే కుండీ కంపు కొడుతుంది, ఇరుగుపొరుగు ఊరుకోరు. ఎండుటాకులు, కొబ్బరిపొట్టు ఇందుకు పనికివస్తాయి. వరి ఊక ఆలస్యంగా కుళ్ళినా గాలి ఆడనిస్తుంది.

అసలు చిక్కు అద్దె ఇళ్ళది. ఎరువు చేసేది అద్దెకున్నవారు, పన్ను తగ్గేది యజమానికి. అందువల్ల యజమానికి పన్ను తగ్గింపుతోపాటు, అద్దెదారుకు కుండీని, ఏడాదికి సరిపడే కొబ్బరిపొట్టును పురపాలక సంఘమే నేరుగా ఇవ్వడం మేలు. తనిఖీకి వచ్చే ఉద్యోగి కుండీ ఉన్నదా అని కాక, అందులో ఎరువు తయారవుతున్నదా అని చూడాలి. అదీ ఏడాదికి ఒక్కసారి కాదు, కనీసం వానాకాలంలో ఒకమారు, ఎండాకాలంలో ఒకమారు.