ఎరుపు పక్కన ఏముంది?

అక్టోబరు రెండో వారం దాటిందంటే ఓక్‌విల్‌లో కుంచె పట్టే అలవాటున్న వాళ్ళెవరికీ ఇంట్లో కాలు నిలవదు. సిక్స్‌టీన్ మైల్ క్రీక్ లోయ పొడుగునా మేపుల్ చెట్లు ఎర్రగా, నారింజగా, పచ్చగా పండి ఉంటాయి. చాపకుర్చీ, రంగుల పెట్టె పట్టుకుని వెళ్ళి, ట్యూబులోంచి కాడ్మియం రెడ్ తీసి చెట్టు తర్వాత చెట్టుకి అద్దుకుంటూ పోతారు. తీరా ఇంటికొచ్చి బొమ్మని గోడకి ఆనించి చూస్తే అది అరుస్తూ ఉంటుంది కానీ వెలగదు. అరవడానికీ వెలగడానికీ మధ్య తేడా ఎక్కడుందన్నదే ఈ వ్యాసంలో సంగతి.

ముందుగా ఒక మాట. తప్పు ట్యూబుది కాదు. సాయంత్రపు ఎండ మేపుల్ ఆకు వెనకనుంచి పడి, ఆకులోంచి దూసుకొచ్చి మన కంటిని తాకుతుంది. కాగితం మీది రంగుకి ఆ అదృష్టం లేదు. గదిలో ఉన్న వెలుతురులో కొంత మింగేసి, మిగిలింది తిప్పి పంపుతుంది, అంతే. ఎంత ఖరీదైన రంగు కొన్నా ఎండతో పోటీపడలేం. కాబట్టి చిత్రకారుడి చేతిలో మిగిలే ఉపాయం ఒక్కటే: ఆ ఎరుపు పక్కన ఏం పెట్టాలి?

ఈ ప్రశ్నకి ఒక చక్కని కథ ఉంది. పారిస్‌లో గోబెలిన్ అనే పాత నేతశాలలో అద్దకం విభాగానికి షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త 1824లో అధికారిగా వచ్చాడు. అక్కడి నల్లదారంలో నలుపు సరిగా లేదని ఫిర్యాదు. ఆయన వేరే ఊళ్ళ నల్లదారాలు తెప్పించి పోల్చి చూశాడు. అద్దకంలో లోపమేమీ కనబడలేదు. నల్లదారాన్ని నీలం, ఊదా దారాల పక్కన నేస్తున్నారు, ఆ పొరుగువల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. ఆ పరిశీలనలన్నీ కలిపి 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయని దాని సారాంశం. ఎరుపు పక్కన బూడిద రంగు కాస్త పచ్చగా కనిపిస్తుంది. ఆకుపచ్చ పక్కన ఎరుపు ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. గుంటూరు దగ్గర కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల రాశి కంటే, చెట్టున ఆకుల మధ్య వేలాడే ఒక్క పండుమిరపకాయ ఎందుకు ముందుగా కంట్లో పడుతుందో ఇప్పుడు తెలుస్తుంది.

నిజానికి ఈ సంగతి పుస్తకాలు చదవకుండానే మన నేతవాళ్ళకి తెలుసు. నెమలికంఠం రంగు పట్టుచీర చూడండి. అందులో ఆ రంగు దారం ఒక్కటీ ఉండదు. నిలువు పోగు నీలం, అడ్డపోగు ఆకుపచ్చ. రెండూ విడివిడిగానే ఉంటాయి, కలిపే పని మన కన్ను చేస్తుంది. అందుకే కట్టుకున్నావిడ ఇటు తిరిగితే ఒక రంగు, అటు తిరిగితే ఇంకో రంగు. అదే రెండు రంగుల్నీ ఒకే తొట్టిలో కలిపి దారానికి అద్దితే నీలానికీ పచ్చకీ మధ్యరంగు వస్తుంది కానీ ఆ తళుకు రాదు. అంటే రంగులు కలపడానికి రెండు చోట్లున్నాయి: పళ్ళెంలో, కంట్లో.

కంట్లో కలపడం చూడాలంటే ఓక్‌విల్ వాళ్ళు గో రైలెక్కి టొరాంటో వెళ్తే చాలు. ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియోలో టామ్ థామ్సన్ వేసిన ‘ద వెస్ట్ విండ్’ ఉంది. థామ్సన్ అల్గాంక్విన్ అడవుల్లో తిరుగుతూ, సుమారు 8.5 × 10.5 అంగుళాల చిన్న చెక్కపలకల మీద అక్కడికక్కడే బొమ్మలు వేసేవాడు. 1917 జులైలో, నలభై ఏళ్ళు నిండకుండానే, కెనూ లేక్‌లో చనిపోయాడు. ఆయన స్నేహితులు ‘గ్రూప్ ఆఫ్ సెవెన్’గా ఏర్పడింది ఆ తర్వాత, 1920లో. ఆటవాలోని నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆయన ‘ద జాక్ పైన్’లో ఆకాశం, నీళ్ళు అడ్డంగా సాగే పట్టీలు. ముదురు చెట్టు కొమ్మల దగ్గరా, కొండల దగ్గరా అడుగున వేసిన ఎర్రపూత సన్నగా తొంగిచూస్తుంది. బొమ్మలో ఎరుపు చాలా తక్కువ. ఆ తక్కువే పచ్చని కొమ్మలకి ప్రాణం పోస్తుంది.

ఇవన్నీ అప్పటి జనానికి వెంటనే నచ్చలేదు. థామ్సన్ స్నేహితుడు జె.ఇ.హెచ్. మెక్‌డొనాల్డ్ 1916లో తన తోటని ‘ద టాంగిల్డ్ గార్డెన్’ పేరుతో వేస్తే, రంగు డబ్బాలు జనం మొహాన విసిరాడని ఒక విమర్శకుడు మండిపడ్డాడు. ఇవాళ ఆ బొమ్మ కూడా నేషనల్ గ్యాలరీలోనే ఉంది. ఘాటైన రంగు వాడటం తప్పు కాదని, దానికి తగిన పొరుగు కావాలని ఈ బొమ్మలు చూస్తే అర్థమవుతుంది.

ఇక పళ్ళెంలో కలపడం. చిన్నప్పుడు బడిలో ఎరుపు, నీలం కలిస్తే ఊదా అని నేర్చుకున్నాం. కాడ్మియం రెడ్‌లో అల్ట్రామెరీన్ కలిపి చూడండి, ఊదా బదులు ఇటుకపొడి బురదలో పడ్డట్టు వస్తుంది. కారణం సులువే. కాడ్మియం రెడ్ నారింజ వైపు మొగ్గే ఎరుపు, అంటే అందులో పసుపు దాక్కుని ఉంది. మూడు మూలరంగులూ కలిస్తే మిగిలేది మట్టిరంగే. అదే అల్ట్రామెరీన్‌లో అలిజరిన్ క్రిమ్సన్ కలిపితే వంగపండు రంగు నిగనిగలాడుతూ వస్తుంది. అందుకే ఎరుపు, పసుపు, నీలం ఒక్కోటి రెండేసి చొప్పున, ఒకటి వెచ్చనిది, ఒకటి చల్లనిది కొనుక్కుంటే చాలు. ముప్ఫై ట్యూబుల పెట్టె అక్కర్లేదు.

అలాగని మట్టిరంగు శత్రువు కాదు. చెట్టు మొదళ్ళు, ఏటి ఒడ్డు, దూరంగా ఉన్న అడవి అన్నీ ఆ రంగులే. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా కలిపితే ఎన్నో బూడిద రంగులు వస్తాయి. నీలం ఎక్కువైతే మబ్బు, సియెన్నా ఎక్కువైతే తడిసిన బెరడు. ట్యూబులోని నలుపు కంటే ఈ జంటతో వచ్చే ముదురు రంగులో జీవం ఉంటుంది. ఆకుపచ్చ మరీ పచ్చిగా ఉంటే నలుపు కాదు, చిటికెడు ఎరుపు కలపాలి. పసుపుని ముదురు చేద్దామని నలుపు కలిపితే అది ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ఎరుపుని లేత చేద్దామని తెలుపు పోస్తే చల్లబడి గులాబీ అవుతుంది. కలిపేటప్పుడు ఎప్పుడూ లేత రంగులోకి ముదురు రంగుని కొంచెం కొంచెంగా తేవాలి. చారులో ఉప్పు వేసినట్టు. తిరగేసి చేస్తే ట్యూబు ఖాళీ అవుతుంది.

రంగు పేరు వేరు, ఘాటు వేరు, ముదురు–లేతలు వేరు. ఈ మూడింట్లో బొమ్మని నిలబెట్టేది చివరిదే. మన కంటికి ఎంతో వేరుగా కనిపించే ఎరుపు, ఆకుపచ్చ ఒకే ముదురులో ఉంటే, ఫోనులో నలుపు–తెలుపు ఫోటో తీసినప్పుడు రెండూ ఒకే ముద్దగా కలిసిపోతాయి. బొమ్మ సగంలో ఉండగా ఒకసారి ఆ ఫోటో తీసి చూసుకోండి. లేదా పాతకాలం వాళ్ళలా కళ్ళు సగం మూసి చూడండి.

ఊరు మారితే ఈ లెక్కలన్నీ మారతాయి. డిసెంబరు చివర ఓక్‌విల్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిక్చక్రానికి 23 డిగ్రీల ఎత్తు దాటడు. అదే రోజు విజయవాడలో సుమారు 50 డిగ్రీలు. అందుకే ఇక్కడ చలికాలమంతా నీడలు పొడుగ్గా పాకుతాయి. ఎండగా ఉన్న రోజున మంచు మీద పడ్డ నీడ నీలంగా ఉంటుంది, ఎందుకంటే ఆ నీడకి దొరికే వెలుతురు నీలాకాశానిదే. మంచు తెల్లగా ఉంటుందనే మాటని పక్కన పెడితే తప్ప అది కనబడదు. మన ఊళ్ళో వేసవి మధ్యాహ్నం నీడ కాళ్ళకింద దూరిపోతుంది, రంగులన్నీ వెలవెలబోతాయి. అక్కడ ఒక చీర, ఒక బొట్టు నిలబడాలంటే రంగు గట్టిగానే పలకాలి.

తోట వైకుంఠం బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఆ ఎండే గుర్తొస్తుంది. రెండు రంగులు కలిపితే వచ్చే రంగు మన చుట్టూ సహజంగా ఉండేది కాదని ఆయన అభిప్రాయం. కాబట్టి ఎరుపు, కాషాయం, పసుపు ఉన్నవి ఉన్నట్టే వాడతారు. మరి ఆ బొమ్మలు ఎందుకు అరవవు? ఆ చీరల పక్కన తెలంగాణ పల్లె మనుషుల ముదురు ఒళ్ళు ఉంది కనుక. చేర్యాల నకాషీ చిత్రకారులు కథ నడిచే నేలంతా ఎరుపు పూసి, దానిమీద మనుషుల్ని నిలబెడతారు. థామ్సన్ అడుగున దాచిన ఎరుపుని వాళ్ళు బాహాటంగా పరిచారు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లని గీత రంగుకీ రంగుకీ మధ్య గట్టులా ఉంటుంది, ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు పూత వేస్తారు. దారులు వేరైనా లెక్క ఒకటే. ఎవరూ ఏ రంగునీ ఒంటరిగా వదలలేదు.

ఇక్కడున్న మనవాళ్ళ బొమ్మల్లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి క్యాలెండరులోని కెనడా, రెండోది తలపుల్లోని పల్లెటూరు. రెండింటికీ రంగులు ముందే తెలిసిపోయి ఉంటాయి, చూడాల్సిన పని ఉండదు. మన భాషలో ‘పచ్చ’ అంటే పసుపూ కావచ్చు, ఆకూ కావచ్చు, పక్కన ఏ మాట ఉందో చూసుకుని అర్థం చేసుకుంటాం. రంగునీ అలాగే చదవాలి. ఈసారి ఏటి ఒడ్డున కూర్చున్నప్పుడు ఎర్రట్యూబు మూత తియ్యకండి. ముందు నీళ్ళ రంగు, బురద రంగు, చెట్టు మొదలు రంగు, వెనకనున్న మసక అడవి రంగు కలిపి వెయ్యండి. కాగితమంతా నిండాక, ఎరుపు ఎంత కావాలో ఆ రంగులే చెబుతాయి. మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువే పడుతుంది.