చిల్లు పైన, మడుగు కింద

ఆదోని చలికాలపు గాలికి మనవడి ముక్కు ఎండిపోయి నెత్తురు చుక్క కనబడింది. అమ్మాయి తన సంచిలోంచి గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ తీసి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. తెల్లారేసరికి స్టూలు కింద మడుగు. "అడుగు పగిలినట్టుంది నాన్నా, పారేద్దాం" అంది. అడుగంతా తుడిచి వెలుతుర్లో తిప్పి చూశాను. గీత కూడా లేదు. పారేయబుద్ధి కాక, మర్నాడు బడికి పట్టుకెళ్లాను. ఎట్లాగూ ఎనిమిదో తరగతికి పీడనం పాఠం నడుస్తోంది.

"చిల్లు పైనుంటుందిరా" అన్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "చిల్లు పైనుంటే నీళ్లు కిందెట్ల కారతాయి సార్?"

ఇరవై లీటర్ల క్యానును డిస్పెన్సరు మీద బోర్లించినప్పుడు గుడగుడమంటుంది చూడండి, జవాబు అందులోనే ఉంది. క్యాను మూతి కింది నీళ్లలో మునిగి ఉన్నంతసేపు లోపలికి గాలి వెళ్లే దారి లేదు. బయటి గాలి కింది నీళ్లను నొక్కుతూ, పైనున్న నీళ్లను దిగనివ్వకుండా నిలబెడుతుంది. గాలి బలం తక్కువదేం కాదు, పది మీటర్ల ఎత్తు నీటిని మోయగలదు. ఇక్కడ మోయాల్సింది మహా అయితే మూరెడే. మనం రెండు గ్లాసులు పట్టుకోగానే కింద మట్టం తగ్గి మూతి బయటపడుతుంది, బుడగలు లోపలికి దూరతాయి, వాటికి సరిపడా నీళ్లు దిగుతాయి, మట్టం లేచి మూతి మళ్లీ మునుగుతుంది. తూము కాపలాదారు లేకుండానే నీరు తనను తాను కొలుచుకుంటుంది. కోళ్లకు నీళ్లు పెట్టే బోర్లింపు డబ్బా చేసేదీ ఇదే.

హ్యూమిడిఫయర్ ట్యాంకు అచ్చం ఆ క్యానే. మూతకు స్ప్రింగు కవాటం ఒకటి అదనం. అడుగు భాగంలోని పుల్ల దాన్ని పైకి నెట్టినప్పుడే తెరుచుకుంటుంది. ఇప్పుడు బోర్లించిన ట్యాంకు పైభాగంలో వెంట్రుకంత పగులు ఉందనుకోండి. గాలి బుడగగా కింది నుంచి రావాల్సిన పని లేదు, పైనుంచే దొంగదారిన వస్తుంది. పట్టు పోయింది. నీళ్లు ఆగకుండా దిగి, అడుగు పొంగి, స్టూలు మీదికి పారతాయి. కారేది కిందనే, తప్పు పైన.

పగులు లేకున్నా పొంగే సందర్భం ఒకటుంది, నాకు అదంటే మరీ ఇష్టం. సగం ఖాళీ అయిన ట్యాంకులో మూడు లీటర్ల గాలి ఉందనుకుందాం. పొద్దున చల్లగా ఉన్న గది మధ్యాహ్నానికి పది డిగ్రీలు వేడెక్కితే ఆ గాలి ఉబ్బి, దాదాపు వంద మిల్లీలీటర్ల నీటిని కిందికి తోస్తుంది. మా ఊరి ఎండకు ఇది వింతేం కాదు. స్టూలు ఒక పక్కకు వాలినా, మూత వాషరు ముడతపడినా కారుతుంది. వాషరు దోషమైతే ట్యాంకును విడిగా బోర్లించి పట్టుకున్నప్పుడే మూత చుట్టూ చుక్కలు రాలతాయి.

ఎండిన గాలితో ఈ సీమకు పాత తగువే. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో ఏ నేతగాడినైనా అడగండి, గాలి పొడిబారితే పడుగు పోగు పటపట తెగుతుందంటాడు. గుంటమగ్గానికి నేల చెమ్మ తోడు. పత్తి నూలు తడిస్తే బలపడుతుంది మరి. 1906లో అమెరికాలో స్టువార్ట్ క్రేమర్ అనే నూలుమిల్లు ఇంజనీరు, మిల్లు గాలికి తేమ పట్టించే పనికి పెట్టిన పేరే 'ఎయిర్ కండిషనింగ్'. ఏసీ అనే మాట చల్లదనం కోసం పుట్టలేదు, పత్తి పోగు కోసం పుట్టింది. ఆదోని పత్తి యార్డు గేటు మీద రాయించాల్సిన సంగతి ఇది.

ఇప్పటి ఇంటి హ్యూమిడిఫయర్లలో చాలావాటికి అడుగున రూపాయి బిళ్లంత పింగాణీ పలక ఉంటుంది. కరెంటు ఇస్తే సెకనుకు సుమారు 17 లక్షల సార్లు వణికి, నీటిని మూడు మైక్రాన్ల తుంపరగా ఎగరగొడుతుంది. కాచే పని లేదు. చిక్కల్లా ఏమిటంటే నీటిలో ఉన్నదంతా దానితోపాటే ఎగురుతుంది. మా బోరు నీళ్లు పోస్తే అద్దాల మీద తెల్లపొడి, ఊపిరిలోనూ అదే పొడి. అందుకే డిస్టిల్డ్ వాటర్, లేదంటే ఆర్వో నీళ్లు. రోజూ పారబోసి ఆరబెట్టాలి, వారానికోసారి నిమ్మ ఉప్పు నీళ్లతో కడిగి బాగా తొలపాలి. పలకను బ్లేడుతో గీకొద్దు. క్రిమిసంహారకాలు మాత్రం ట్యాంకులో చుక్క కూడా కలపొద్దు: దక్షిణ కొరియాలో అలా కలిపే మందులే ఎందరి ఊపిరితిత్తులనో పాడుచేసి ప్రాణాలు తీశాయని 2011లో బయటపడింది. గదిలో తేమ 50 శాతం దాటనివ్వొద్దు, మరీ పెరిగితే గోడకు బూజు పడుతుంది. తుంపర ప్లగ్గుబోర్డు వైపు తిరగకూడదు. మడుగు కనబడితే ముందు మెయిన్ స్విచ్ ఆపి, తర్వాతే ప్లగ్గు పీకాలి.

ఆ వెనక బెంచీ పిల్లవాడి నాయన సైకిళ్లకు పంచరు వేస్తాడు. వాడే బకెట్ తెచ్చి, ఖాళీ ట్యాంకుకు మూత బిగించి, ట్యూబును ముంచినట్టు నీళ్లలోకి అదిమి, రెండు చేతులా గట్టిగా నొక్కాడు. పిడి పక్కనుంచి సన్నగా, వరసగా బుడగలు లేచాయి. "ఈడుంది సార్!" అని వేలు పెట్టి మూశాడు. బుడగలు ఆగిపోయాయి.