ఫోన్ చేసే మన చేతిలోనూ ఉంది

చెన్నై నుంచి తిరుపతి వెళ్ళే దారిలో ఉన్న తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతంలో తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. అక్కడి నుంచి న్యూజెర్సీ వచ్చినవాళ్ళు వేసవిలో రాత్రి పదింటికి ఇంటికి ఫోన్ చేస్తే, అక్కడ ఉదయం ఏడున్నర. తమ్ముడు అప్పటికే పనికి బయల్దేరి ఉంటాడు. హెల్మెట్‌లోకి ఫోన్ దూర్చుకుని, "బండి మీద ఉండానక్కా, పర్లేదు చెప్పు" అంటాడు. అక్క చెప్పుకుపోతుంది.

నిజానికి అది పర్లేదనుకునే సంగతి కాదు. ప్రమాదాలకు గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ రికార్డులను టొరంటోలో రెడెల్‌మయర్, టిబ్షిరాని అనే పరిశోధకులు పరిశీలించి 1997లో ఫలితాలు ప్రకటించారు. ఫోన్ మాట్లాడే సమయంలో ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్ళకూ ముప్పు తగ్గినట్టు కనబడలేదు.

చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన మనసు ఖాళీగా ఉండదు. మాటల్లో పడ్డ డ్రైవరు కళ్ళు రోడ్డు మీదే ఉన్నా, ఎదురుగా ఉన్నవి బుర్రకెక్కవని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం ప్రయోగాలతో చూపింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వెళ్ళిపోతుంది. ఆడికృత్తిక పండుగకు కావళ్ళు మోసుకుని తిరుత్తణికి నడిచే భక్తులు రోడ్డు వారనే ఉంటారు. ఆ సెకను ఆలస్యం వాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది.

పక్క సీట్లో కూర్చున్న మనిషైతే ఎదురుగా లారీ వస్తే మాట ఆపేస్తాడు, "చూసుకో" అని హెచ్చరిస్తాడు. వేల మైళ్ళ దూరంలో ఉన్న మనకు ఆ లారీ కనబడదు. తమ్ముడికి ఊపిరాడని మలుపులోనూ పెళ్ళి సంబంధం గురించి అడుగుతూనే ఉంటాం.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, ఫోన్ చేత పట్టుకుని ప్రమాదకరంగా బండి నడిపితే మొదటిసారి వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల దాకా జరిమానా, జైలుశిక్ష కూడా పడవచ్చు. చెవిలో బ్లూటూత్ పెట్టుకుంటే పోలీసులు ఆపకపోవచ్చు. ముప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే అవతలివాళ్ళు ఫోన్ ఎత్తగానే "ఎక్కడున్నావు?" అని అడుగుదాం. బండి మీదున్నానంటే "దిగాక చెయ్యి" అని మనమే పెట్టేద్దాం. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ వీలైన వేళ ముందే అనుకుందాం. ఇంటివాళ్ళ క్షేమం అడగడానికే కదా ఫోన్ చేసేది!