గిన్నె అడుగున ఉన్న ముద్ర ఎంతవరకు సాక్ష్యం?

జపాన్ దేశపు పాత పింగాణీ గిన్నె చేతికి వచ్చినప్పుడు చాలామంది మొదట చేసే పని దానిని బోర్లించి అడుగున ఉన్న అక్షరాలను చూడటం. వాటిని చదవగలవారు ఒకరు దొరికితే చాలు, గిన్నె వయస్సు తేలిపోతుందని వారి నమ్మకం. బోర్లించి చూడటం సరైన పనే. అక్షరాలను నమ్మటంలోనే ప్రమాదం ఉంది.

పెద్దలు విడిచిపోయిన సామాను వారసులు పంచుకునే వేళ గాని, అవసరం కొద్దీ ఒక గిన్నెను అమ్మదలచిన వేళ గాని ఇది కేవలం వినోదానికి తెలుసుకునే విషయం కాదు. నూరేండ్ల గిన్నెను అయిదు వందల ఏండ్ల నాటిదని చెప్పి ధర కట్టినవాడు కొనేవాని సొమ్మును అన్యాయంగా తీసుకుంటున్నాడు. మూడు వందల ఏండ్ల గిన్నెను పాత సామాను వానికి తూకం లెక్కన ఇచ్చినవాడు తన పిల్లలకు చెందవలసినదానిని పోగొట్టుకుంటున్నాడు. ఈ రెండు నష్టాలకూ మూలం ఎక్కువగా ఆ ముద్రను తప్పుగా అర్థం చేసుకోవటమే.

అరబ్బీ, పారశీ చేవ్రాత ప్రతులతో పరిచయం ఉన్నవారికి ఈ చిక్కు సులభంగా బోధపడుతుంది. లేఖకుడు ఒక్కొక్కసారి తన ముందున్న మాతృక చివర ఉన్న తేదీని కూడా యథాతథంగా ఎత్తి రాసేవాడు. అందువలన ప్రతి ఎప్పటిదో చెప్పదలచినవారు ఆ తేదీతో ఆగక కాగితాన్ని, సిరాను, రాత తీరును పరిశీలిస్తారు. జపాన్ కుమ్మరులు చేసినదీ ఇటువంటిదే. చైనాను 1465 నుండి 1487 వరకు పాలించిన చెంగ్‌హువా చక్రవర్తి కాలపు పింగాణీకి అప్పట్లో గొప్ప పేరు ఉండేది. ఆ చక్రవర్తి పేరును వారు తమ పాత్రల అడుగున నీలి రంగుతో రాశారు. వారి ఉద్దేశం మోసమని నేను అనుకోను. చైనా కుమ్మరులే తమ పూర్వపు చక్రవర్తుల పేర్లను అలాగే వాడుకున్నారు. అయితే జపాన్‌లో పింగాణీ తయారీ ఆరంభమైనదే 17వ శతాబ్దపు తొలి దశకాలలో. కనుక ఆ ముద్ర ఉన్న జపాన్ గిన్నె ఏదైనా సరే, ముద్ర చెప్పే కాలానికి కనీసం నూట ఇరవై ఏండ్ల తరువాతిదే.

ఆ ఆరంభం క్యుషు ద్వీపంలోని అరిటాలో జరిగింది. 1592–98 నాటి యుద్ధాలలో కొరియా నుండి తీసుకురాబడిన కుమ్మరులలో ఒకడైన యీ సామ్-ప్యోంగ్ 1616లో అక్కడి ఇజుమియామా కొండలో పింగాణీకి తగిన రాతిని కనుగొన్నాడని సంప్రదాయం చెబుతుంది. సరుకు ఇమారి రేవు నుండి ఎగుమతి అయ్యేది గనుక పాత్రలకు ఆ రేవు పేరే స్థిరపడింది. 1644లో చైనాలో మింగ్ వంశం కూలిపోయి అక్కడి బట్టీలు చిక్కులలో పడగా డచ్చి కంపెనీ అరిటా వైపు తిరిగింది. 1659లో అది ఇచ్చిన ఆర్డరు యాభై వేల పాత్రలకు మించినది. అందులో యెమెన్‌లోని మోఖా రేవుకు పంపవలసిన సరుకు కూడా ఉంది. కాఫీ వ్యాపారానికి ఆనాడు ఆ రేవు పెట్టింది పేరు. ఆ కంపెనీకే మన మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉండేదని చదువరులకు తెలిసినదే. ఇస్తాంబుల్‌లోని టోప్‌కాపీ రాజప్రాసాదంలో పది వేలకు పైబడిన చైనా పాత్రల సరసన కొన్ని వందల జపాన్ పాత్రలు నేటికీ ఉన్నాయి.

ఇక గిన్నె దగ్గరకు వద్దాం. అడుగున వలయాకారంగా నిలిచే పాదాన్ని వేలితో తడిమి చూడాలి. అక్కడ గాజు మెరుగు ఉండదు గనుక మట్టి స్వభావం బయటపడుతుంది. 1640కి పూర్వపు పాత్రలను ముందుగా ఒకసారి కాల్చకుండా పచ్చి మట్టి మీదనే మెరుగు పూసి కాల్చేవారు. పాదాన్ని పట్టుకుని మెరుగులో ముంచిన కుమ్మరి వేళ్ల గుర్తులు వాటి మీద కొన్నిసార్లు కనిపిస్తాయి. ఆ కాలపు పళ్లాలకు పాదం చిన్నది, వాటి వెడల్పులో ఇంచుమించు మూడవ వంతు. తరువాతి కాలపు పెద్ద పళ్లాలలో, వెడల్పు అడుగున్న పెద్ద గిన్నెలలో పాదం లోపల సూదిమొనంత గుర్తులు మూడో, అయిదో ఉంటాయి. కాల్చేటప్పుడు అడుగు కుంగిపోకుండా కింద నిలిపిన మట్టి ముళ్ల జాడలవి. చైనా పాత్రలలో సాధారణంగా ఇవి కానరావు. అన్నం తినే చిన్న గిన్నెకు అటువంటి ఆధారం అవసరం లేదు గనుక అందులో ఆ గుర్తులు లేకపోవటం దోషం కాదు.

మరొక గుర్తు పాముకన్ను. అడుగు మధ్యభాగం లోపలికి గుంటగా ఉండి, చుట్టూ వెడల్పాటి వలయం మేర మెరుగు తుడిచివేయబడి ఉంటుంది. జపాన్‌వారు దీనిని పాముకంటితో పోల్చారు. ఈ తీరు 18వ శతాబ్దం చివరి నుండి 19వ శతాబ్దం నడిమి వరకు విస్తారంగా వాడుకలో ఉన్నది. నా దృష్టిలో ఇటువంటి పనితనపు జాడ ఒక్కటి పది ముద్రల పెట్టు. ముద్రను ఎవరైనా ఎత్తి రాయగలరు. బట్టీలో సరుకు ఎలా నిలబెట్టాలన్న అలవాటును అనుకరించాలని ఎవరికీ తోచదు.

నీలి రంగు కూడా కాలాన్ని చెబుతుంది. పూర్వం వాడిన సహజ కోబాల్టు కొంచెం బూడిద రంగు కలిసి మెత్తగా, చోటుచోటుకు ముదురుగానో లేతగానో కనిపిస్తుంది. 1870 ప్రాంతంలో గాట్‌ఫ్రీడ్ వాగెనర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు అరిటాకు వచ్చి రసాయనిక కోబాల్టు వాడకం నేర్పాడు. అది చవక, రంగు గాఢం. కన్ను చెదిరేంత నీలం ఉంటే గిన్నె ఆ తరువాతిదని అనుమానించాలి. అదే కాలంలో చిల్లుల కాగితం ద్వారా రంగు అద్ది నగిషీ దించే పద్ధతి వ్యాపించింది. ఇందులో గీతలు తెగుతూ చుక్కచుక్కలుగా ఉంటాయి, కాగితం అంచులు కలిసే చోట నగిషీ సరిగా అతకదు. ఆపై రాగి పలక మీద చెక్కిన బొమ్మను పలుచని కాగితం ద్వారా దించే పద్ధతి వచ్చింది. దానికి గుర్తు వెంట్రుకవంటి సన్నని గీతలు. మన బజారులో పురాతనమని చూపే నీలి గిన్నెలను భూతద్దంతో పరిశీలిస్తే ఈ జాడలు తరచుగా దొరుకుతాయి. నూరేండ్ల పైబడిన మంచి వస్తువులే అవి, మూడు వందల ఏండ్లవి మాత్రం కావు. భూతద్దం కింద నగిషీ అంతా పత్రికలోని ఫొటోవలె సమానమైన రంగు చుక్కలుగా విడిపోతే అది ఇటీవలి యంత్రపు పని.

రోమన్ లిపిలోని ముద్రలు ఇంతకంటె సూటిగా మాట్లాడతాయి. 1891 నుండి అమెరికాకు వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నియమం వచ్చింది. నిప్పాన్ అన్న ముద్ర అప్పటిది. 1921 నుండి జపాన్ అన్న పేరునే వేయవలసి వచ్చింది. ఆక్రమిత జపాన్ అన్న ముద్ర ఉంటే అది రెండవ ప్రపంచ యుద్ధానంతరం, 1952లో ముగిసిన ఆక్రమణ కాలానిది. ఇవేవీ లేనంత మాత్రాన గిన్నె 1891కి ముందుదని చెప్పరాదు. స్వదేశంలో అమ్ముకునే సరుకుకు ఆ నియమం లేదు.

సత్సుమా పాత్రలను కూడా పింగాణీగా చెప్పి అమ్మటం కద్దు. మీగడ రంగు, మెరుగు నిండా సాలెగూడు వంటి పగుళ్లు, పైన దట్టమైన బంగారు పని ఉండే ఈ పాత్రలు పింగాణీ కావు, ఒక జాతి మెత్తని మట్టి పాత్రలు. పలుచని పింగాణీ గిన్నెను దీపానికి అడ్డంగా పట్టితే వేలి నీడ లోపలికి కనిపిస్తుంది, వీటిలో కనిపించదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ పింగాణీ, సత్సుమా రెండూ ఉన్నాయి. ఒకే పూట రెండింటినీ చూసి వచ్చినవారికి ఈ భేదం పుస్తకం చదివినదానికంటె బాగా గుర్తుంటుంది.

ధరను తలకిందులు చేసేది మరమ్మతు. గిన్నెను అరచేతిలో నిలిపి గోటితో మెల్లగా మీటితే ఖంగుమని మోగాలి. మోత చచ్చుగా ఉంటే కంటికి కనిపించని బీట ఎక్కడో ఉందన్నమాట. ఇటీవల రంగు వేసి దాచిన అతుకులు అతినీల లోహిత కాంతిలో వేరు రంగుగా బయటపడతాయి. అమ్మేవారు ఈ లోపాలను కొనేవారు అడిగేదాకా ఆగక ముందే చెప్పటం బాధ్యత. పాతకాలపు అతుకుల సంగతి వేరు. లక్కకు బంగారు పొడి జోడించి చేసిన అతుకును చాలామంది గిన్నెకు అలంకారంగానే భావిస్తారు. 18వ శతాబ్దం చివరి నుండి సీసపు గాజు పొడితో ముక్కలను అతికి మళ్లీ కాల్చే పనివారు కూడా జపాన్‌లో ఉండేవారు. వారిలో కొందరు గిన్నె అడుగున ఎర్ర రంగుతో తమ గుర్తు రాసేవారు. అది తయారీదారు ముద్ర కాదని తెలియక ఎన్నో గిన్నెలకు లేని వంశం అంటగట్టబడింది.

ఇటువంటి అతుకు ఉన్నదని అనుమానం కలిగినా, నగిషీలో బంగారం ఉన్నా ఆ గిన్నెను వేడినీటిలో నానవేయకూడదు, పీచుతో తోమకూడదు. మెత్తని తడిగుడ్డతో తుడిచి, పగటి వెలుతురులో లోపలి భాగాన్ని, పక్కను, అడుగును, పాదపు అంచును వేరువేరుగా ఫొటోలు తీసి, ధర మాట్లాడకముందే తెలిసినవారికి చూపించాలి.