మంచు కొండకు... వెలుగుండగానే!

సంక్రాంతి సెలవులొస్తే చాలు, బెజవాడ కార్లు లంబసింగి దారి పడతాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ ‘ఆంధ్రా కశ్మీర్’లో పొగమంచు అందమంతా తెల్లవారుజామునే. అందుకని చాలామంది రాత్రంతా ప్రయాణించి చీకట్లోనే ఘాట్ ఎక్కేస్తుంటారు. ప్రమాదం అక్కడే! కాలవగట్ల మీద చేయి తిరిగిన డ్రైవరైనా నిద్రమత్తులో, మలుపు కనిపించని మంచులో తడబడతాడు.

ముందురోజు మధ్యాహ్నానికే నర్సీపట్నం చేరి, వెలుగుండగా కొండెక్కి, అక్కడే బస చేస్తే మేలు. గది ముందే మాట్లాడుకోవాలి. అప్పుడు పొద్దున్నే మంచులోకి కాలినడకనే వెళ్లొచ్చు.

మంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు తిరిగి కళ్లలోనే కొడుతుంది. లోబీమ్ చాలు. దిగేటప్పుడు చిన్న గేరులోనే రావాలి. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఇరుకు చోట ఎక్కే బండికే మొదటి దారి.

మంచు రేపూ కురుస్తుంది. తొందరెందుకు?