సాగని త్రాడు

తెలుగు రైతు యింట త్రాటికి ఒక్క పేరు చాలదు. ఆవును కట్టునది పలుపు. ఎడ్లను అదలించుటకు చేత బట్టునది పగ్గము. నూతినుండి నీరు చేదునది చేంతాడు. తాటిచెట్టు నెక్కునపుడు గీతపనివాని బరువును మోయునది మోకు. పేరు మాఱినపుడు పేనుటయు మాఱును, లావును మాఱును. పలుపును తెచ్చి నూతిలోనికి వదలువానిని చూచి ఊరివారు నవ్వుదురు. ఇప్పుడు చెప్పబోవు త్రాడు మన యిండ్లలో కానరానిది. అయినను దానిని ఎన్నుకొనుటకు ఈ పాత తెలివియే కావలసియున్నది. అది కొండచఱియలనుండి, జలపాతముల వెంట, ఇరుకు లోయల లోనికి మనుష్యులను దింపు త్రాడు.

అమెరికా దేశమున యూటా రాష్ట్రములో జయాన్ జాతీయోద్యానము కలదు. అచ్చట వర్జిన్ నదియు, దానిలో గలియు వాగులును యుగములుగా ఇసుకరాతిని కోసి లోతైన కనుమలను ఏర్పఱచినవి. కొన్నిచోట్ల చేతులు చాచినచో రెండు గోడలును తగులును. తల యెత్తినచో ఆకాశము సన్నని గీతవలె కనబడును. ఇట్టి లోయలో పైకొసన ప్రవేశించి, నడచుచు, ఈదుచు, నిలువుగా తెగిన చోట్ల త్రాటిపై దిగుచు, క్రిందికొసన వెలువడుటకు కాన్యనీరింగు అని పేరు. ఐరోపావారు కాన్యనింగు అందురు. త్రాటిపై దిగుటను మాత్రము రాపెలింగు అందురు.

రాపెల్ అనగా ఫ్రెంచి భాషలో తిరిగి పిలుచుట. ఆల్ప్సు పర్వతములలో షామొని ప్రాంతపు మార్గదర్శి ఝాన్ షార్లె 1876లో పెటి ద్రూ అను శిఖరమును ఒంటరిగా ఎక్కబోయి, దిగివచ్చుటకు ఈ పద్ధతిని కల్పించెను. త్రాటిని నడిమికి మడిచి రాతికి తగిలించి, రెండు పేటలను పట్టుకొని దిగి, పిదప ఒక కొసను లాగినచో త్రాడంతయు దిగినవాని చెంతకు వచ్చును. పిలిచిన పలికినట్లు త్రాడు వచ్చుచున్నది గనుక ఆ పేరు తగియున్నది. కాని ఈ పిలుపులోనే ఒక అపాయము దాగియున్నది. త్రాడు క్రిందికి వచ్చిన పిమ్మట పైకి త్రోవ లేదు. ముందింకను నాలుగైదు దిగుళ్ళు ఉండవచ్చును. మొదటి దిగుడులోనే త్రాడు చెడినచో, ఆ రాతిగోడల నడుమ మఱియొక త్రాడు దొరకదు. కనుక ఈ పనికి త్రాటిని ఎన్నుకొనువాడు ఒక్క దిగుడును గాక, కడపటి దిగుడును తలచుకొని ఎన్నుకొనవలెను.

కొండలలో వాడు త్రాళ్ళు ముఖ్యముగా రెండు జాతులు. ఒకటి సాగునది, దానిని డైనమిక్ త్రాడందురు. రెండవది సాగనిది, స్టాటిక్ త్రాడందురు. కొండ నెక్కువాడు కాలుజాఱి పడినపుడు సాగు త్రాడు మెల్లగా పొడవై, పాటులోని వేగమును హరించును. సాగనిచో ఆ దెబ్బ యంతయు ఒక్క క్షణమున వాని నడుమునకు తగులును. త్రాటిని తగిలించిన మేకు ఊడినను ఊడును. ఎక్కువానికి సాగుటయే ప్రాణరక్షణము. దిగువాని స్థితి వేఱు. అతడు పడుట లేదు. మొదటినుండియు తన బరువును త్రాటిపైననే ఉంచి, లోహపు సాధనముగుండ త్రాటిని జాఱనిచ్చుచు దిగుచున్నాడు. అతనికి సాగుట మేలు చేయదు సరిగదా, కీడు చేయును.

లెక్క వేసి చూడుడు. డైనమిక్ త్రాళ్ళకు ఐరోపా ప్రమాణము ఇ.ఎన్. 892. ఒంటి త్రాటికి 80 కిలోల బరువు కట్టి వ్రేలాడదీసినపుడు అది నూటికి 10 పాళ్ళ వఱకు సాగవచ్చునని ఆ ప్రమాణము చెప్పును. నూటికి 8 పాళ్ళు సాగు త్రాడే అనుకొందము. 40 మీటర్ల త్రాడు 3 మీటర్ల 20 సెంటీమీటర్లు సాగును. దానిపై దిగువాడు ఉయ్యాలలోనివానివలె మీదికి క్రిందికి ఊగును. ఊగినపుడెల్ల కొండ అంచున త్రాడు ఱంపమువలె ముందుకు వెనుకకు ఒరయును. స్టాటిక్ త్రాళ్ళ ప్రమాణము ఇ.ఎన్. 1891. బరువును 50 కిలోలనుండి 150 కిలోలకు పెంచినపుడు ఆ త్రాడు నూటికి 5 పాళ్ళకు మించి సాగరాదు. సాగనిదని పేరేగాని బొత్తిగా సాగనిది కాదని దీనివలన తెలియుచున్నది. ఆ కొద్ది సాగుబాటును నమ్మి ఈ త్రాటితో కొండ నెక్కబోవుట మాత్రము ప్రాణములతో చెలగాటము.

తగని త్రాడు ఏమి చేయునో లోకమునకు తెలిసిన కథ యొకటి కలదు. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ అను ఆంగ్లేయుడు, మఱి ఆరుగురును కలసి ఆల్ప్సులోని మ్యాటర్‌హార్న్ శిఖరమును మొట్టమొదట ఎక్కిరి. దిగునపుడు అనుభవము చాలని హ్యాడో అను యువకుడు కాలుజాఱి ముందున్న మార్గదర్శి క్రోజ్‌పై పడెను. వారి వెంట హడ్సన్, డగ్లస్ అనువారును లాగబడిరి. పైనున్న ముగ్గురు రాళ్ళను కఱచుకొని నిలిచిరి. నడుమ త్రాడు తెగెను. నలుగురు చనిపోయిరి. ఆ బృందమువద్ద మూడు విధముల త్రాళ్ళుండెను. తెగినది వానిలో మిక్కిలి పాతది, మిక్కిలి బలహీనమైనది. మంచి త్రాడు లేక కాదు, ఉండియు దానిని కట్టుకొనక ఆ నలుగురు పోయిరి. ఆ తెగిన ముక్కను నేటికిని జెర్మాట్ ఊరి ప్రదర్శనశాలలో చూడవచ్చును.

నాటి త్రాళ్ళు మనీలా నార మొదలగు వానితో పేనినవి. నార త్రాడు తడిసి, ఆరి, లోలోపల కుళ్ళును, పైకి తెలియదు. పేనిన త్రాటిపై వ్రేలాడువాడు బొంగరమువలె తిరుగుటయు కద్దు. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున నైలాను పుట్టెను. 1953లో జర్మనీలోని ఎడెల్‌రిడ్ సంస్థ కెర్న్‌మాంటెల్ అను త్రాటిని చేసెను. కెర్న్ అనగా గర్భము, మాంటెల్ అనగా పైవస్త్రము. లోపల నిడుపాటి పోగుల కట్ట. దానిపై జడవలె అల్లిన ఒర. బరువులో హెచ్చుభాగమును గర్భము మోయును. గర్భమును ఒర కాపాడును. ఖడ్గపు ఒర లోపలి పదునునుండి మనలను కాపాడును. ఈ ఒర వెలుపలి పదునునుండి లోపలిదానిని కాపాడును.

అంగడికి పోయినవాడు మొదట అడుగు ప్రశ్న ఎంత బరువు మోయుననియే. నా యభిప్రాయమున అది కడపట అడుగవలసిన ప్రశ్న. ఇ.ఎన్. 1891లోని ఎ తరగతి త్రాడు 22 కిలోన్యూటన్ల బలమునకైనను తెగక నిలువవలెను. అనగా రమారమి 2,240 కిలోల బరువు. బి తరగతి త్రాటికి 18 కిలోన్యూటన్లు. ముడివేసిన చోట మూడవ వంతు బలము తగ్గిన దనుకొన్నను, ఒక మనుష్యుని మోయుటకు మిగిలినది చాలును. మంచి త్రాడు లాగుట వలన తెగుట అరుదు. అంచున ఒరసి కోసికొనిపోవుటయే దానికి మృత్యువు. కాబట్టి మొదటి ప్రశ్న ఒరను గూర్చి యడుగవలెను. ఎంత మందము? ఎంత బిగువైన అల్లిక? దేనితో అల్లినది?

పాత నూతుల ఒరలపై, చేంతాడు రాచిన చోట, వ్రేలు పట్టునంత గాడి పడియుండుట చూచియుందురు. మెత్తని నార గట్టి రాతిని తినివేసినది. జయాన్‌లోను అట్లే జరుగుచున్నది. అచ్చటి ఇసుకరాయి ఉప్పుకాగితమువలె గరుకైనది, మన నల్లరాతికంటె చాల మెత్తనిది. ఒకే అంచుమీద పలువురు త్రాళ్ళను లాగుటవలన రాతిలో లోతైన గాళ్ళు పడినవి. త్రాడు ఆ గాడిలో ఇఱుకుకొని పిలిచినను రాకుండుటయు కలదు. అరుగుట రెండువైపులను జరుగును: రాయి అరుగును, త్రాడును అరుగును. తడిసిన త్రాటికి ఇసుక పట్టినచో అరుగుదల మఱింత హెచ్చును. అందువలన అంచున గుడ్డ సంచినో తోలునో పఱచి, దానిమీదుగా త్రాటిని వదలుట మంచిది.

ఇక పదార్థము. నైలాను నీటిని పీల్చును. తడిసినపుడు బరువెక్కును, మఱికొంత సాగును, బలములో నూటికి పది పదిహేను పాళ్ళు కోల్పోవును. పాలియెస్టరు నీటిని దాదాపుగా పీల్చదు, ఒరపిడికి బాగుగా ఓర్చును. కాని కుదుపును నైలానంతగా తీసికొనదు. అందుచేత లోపల నైలానును, పైన పాలియెస్టరును గల త్రాళ్ళను లోయలలో తిరుగువారు మెచ్చుకొందురు. ప్రవాహము హెచ్చుగా నున్న లోయలలో నీటిపై తేలు పాలిప్రొపిలీను గర్భముగల త్రాళ్ళను వాడుదురు. తేలు త్రాడు నీటి అడుగున రాళ్ళకు చుట్టుకొనదు. ఇనుపసామాను అంగడిలో చవుకగా దొరకు ప్లాస్టికు త్రాడు ఈ పనికి పనికిరాదు. అది ఎండకు పొడియగును, వేడికి త్వరగా మెత్తబడును. వేడి యెచ్చటిదందురా? వేగముగా జాఱువాని లోహసాధనము చేయి కాలునంత వేడెక్కును.

లావునుగూర్చి పెద్ద తగవు కలదు. నేర్పరులు 8, 9 మిల్లీమీటర్ల త్రాటిని మోయుదురు. బరువు తక్కువ, సంచిలో చోటు తక్కువ. సన్నని త్రాటిపై సాధనము పట్టు తక్కువగా నుండి దిగువాడు వేగముగా జాఱును, ఒరయు పలుచన. నేర్చుకొనువారికి 10 మిల్లీమీటర్ల త్రాడు మేలు. మోయుటలో కలుగు ఆయాసమును చూచి సన్ననిదానిని కోరుట లాభమైన బేరము కాదు. తెలంగాణములోని భువనగిరి ఏకశిలపై శిలారోహణ శిక్షణ జరుగుచున్నది. 2014 మే 25న ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ కొండ నెక్కుట మొదట నేర్చినది ఆ శిలపైననే. అట్టి చోట గురువు చేతిలోని త్రాటిని తాకి, దాని లావును, బిగువును చూచుట కొనుగోలుకంటె ముందు చేయవలసిన పని. గురువు లేక ఎవరును దిగరాదు.

పొడవును లెక్కించుట సులువు. 30 మీటర్ల దిగుడునకు మడిచిన త్రాడు 60 మీటర్లుండవలెను, పైకట్టునకు మఱికొంత. క్రొత్త త్రాడు తడిసినపుడు కుఱుచ యగును గనుక, వాడుటకు ముందే నీట నానబెట్టి నీడన ఆరవేసి, పిదప కొలువవలెను. ఇట్లు చేయుటవలన ఒరయు గర్భమును అంటిపట్టుకొని బిగియును. ప్రమాణమునకు లోబడిన త్రాటి లోపల సన్నని పట్టీ యొకటి పొడవునను సాగియుండును. దానిపై చేసినవారి పేరు, ప్రమాణపు సంఖ్య, చేసిన సంవత్సరము, పదార్థము మీటరునకొక పర్యాయమైనను ముద్రింపబడియుండును. అది లేని త్రాటిని, ఇతరులు వాడి అమ్ము త్రాటిని కొనకుండుట మంచిది. దాని గతచరిత్ర ఎవరికిని తెలియదు.

కొన్న త్రాటికి శత్రువులు పెక్కండ్రు. మోటారు బ్యాటరీలోని ఆమ్లపు ఆవిరి తగిలినను నైలాను చెడును. చూచుటకు మాత్రము క్రొత్తదానివలెనే యుండును. ఎండ, బురద, త్రొక్కిన కాలు, ఇవియు అట్టివే. దిగుటకు ముందును, వచ్చిన తరువాతను త్రాటినంతయు మూరమూరగా వ్రేళ్ళనడుమ పోనిచ్చి చూడవలెను. ఒకచోట మెత్తగా నలిగినట్లు తోచినను, ఒర కాలి గాజువలె మెఱసినను, అల్లికలోనుండి తెల్లని గర్భము తొంగిచూచినను ఆ త్రాడు ఇంక మనుష్యుని మోయరాదు. వాడకున్నను పదేండ్లు దాటినదానిని చాలమంది తయారీదారులు విడువుమందురు. విడిచిన త్రాటిని పొడవుగా నుంచరాదు. ఎవరో ఎఱుగక దానిపై దిగవచ్చును. మూడు నాలుగు మూరల ముక్కలుగా కోసి పశువుల కొట్టములో పడవేసినచో పలుపులుగా చాలకాలము పనిచేయును.